డ్రిల్లు మాస్టారి బూట్లు

డ్రిల్లు మాస్టారి మెడలో ఈలతో పాటు ఎవరిదో ఒక బూటు వేలాడుతుంటుంది. ఆటలో తలకి దెబ్బ తగిలినవాళ్ల ఎడమ బూటు విప్పించి, డాక్టరు సరేననేదాకా తిరిగివ్వడు. "నాకేం కాలేదు సార్" అని బతిమాలితే, "తల తిరుగుతున్నవాళ్లు ముందు అనేది ఆ మాటే" అంటాడు. నిన్న బంతి నేరుగా వచ్చి ఆయన బట్టతలకే తగిలింది. కూలబడి, లేచి, దుమ్ము దులుపుకుని, "నాకేం కాలేదు, ఆడండి" అన్నాడు. ఎవరూ కదల్లేదు. కెప్టెన్ పిల్ల వచ్చి చెయ్యి చాపింది. గొణుక్కుంటూ ఎడమ బూటు విప్పిచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఆట రసపట్టులో పడగానే మాత్రం ఆగలేక, ఒంటికాలి మీద గెంతుతూ గీత దాటాడు. దాంతో రెండోదీ పోయింది.

సాయంత్రం ఉత్త మేజోళ్లతో గుమ్మంలో నిలబడ్డ మొగుణ్ణి వాళ్లావిడ కిందికీ పైకీ చూసింది.

"నాకేం కాలేదే" అన్నాడు.

ఆవిడ స్కూటరు తాళాల కోసం చెయ్యి చాపింది.