పై రెక్కను నిలబెట్టిన మా బావ

మా బావ నర్సింగరావు గారు పరమపదించారన్న వార్త నాకు పొద్దున్నే, పాలు పొయ్యి మీద పెడుతుండగా ఫోనులో అందింది. "తమ్మీ, మీ బావ పలుకుతలేడు. జర తొందరగ రా" అన్నది మా సులోచనక్క. ఉప్పల్ నుంచి నాచారం ఎంత దూరమని. ఆ పొద్దు మాత్రం ఆటో ఏ దారిన పోయిందో, నేనేం ఆలోచించానో ఇప్పటికీ జ్ఞాపకం రాదు. నేను వెళ్ళేసరికి వాడకట్టు డాక్టరు వచ్చి చూసి వెళ్ళిపోయాడు. నిద్రలోనే గుండె ఆగిందట. ముందురోజు సాయంత్రం నాతో "రేపు రా, నీకొకటి సూపెట్టాలె" అన్న మనిషి మంచం మీద ప్రశాంతంగా పడుకుని ఉన్నాడు.

కాలనీవాళ్ళు అభిమానంతో ఒక ఫ్లెక్సీ కట్టించారు. అందులో ఆయనను "కళాతపస్వి, వైమానిక శిల్పి" అన్నారు. బతుకంతా తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, విశేషణాల మీద నాకు ద్వేషం లేదు. కానీ మనిషికి సరిపడని విశేషణం చూస్తే ఒళ్ళు మండుతుంది. బావ తపస్సు చేసినవాడు కాదు. సర్వపిండి నములుతూ, రేడియో వింటూ, మధ్యమధ్య మా అక్కను సతాయిస్తూ పని చేసుకున్నవాడు. ఆ ఫ్లెక్సీని ఆయన చూసి ఉంటే అందులో ఒక్క అక్షరం చదివేవాడు కాదు. ఎడమ మూల కిందికి జారిందని నిచ్చెన తెప్పించి, సరిగ్గా కట్టించి గానీ ఇంట్లోకి వచ్చేవాడు కాదు. అందుకే ఆయన గురించి ఉన్నదున్నట్టు రాద్దామని కూర్చున్నాను.

ఆయన నాచారం పారిశ్రామికవాడలో ఒక యంత్రభాగాల కర్మాగారంలో జిగ్గులు రూపొందించే ఇంజనీరు. తెలియనివారి కోసం చెబుతున్నాను: రెండు ముక్కలను అతికేటప్పుడు అవి కదలకుండా, ఉండవలసిన చోటనే ఉండేట్టు నిలిపే చట్రాన్ని జిగ్గు అంటారు. అతుకు గట్టిపడ్డాక దాన్ని తీసేస్తారు. వస్తువు బజారుకు పోతుంది, జిగ్గు సంగతి ఎవరికీ తెలియదు. "జిగ్గు పట్టుకోవద్దు బామ్మర్దీ, ఆనుకోనియ్యాలె. బలవంతంగ పట్టుకుంటె అండ్ల ఉన్నంతసేపు ముక్క బుద్ధిగ ఉంటది, ఇడిసినంక దాని గుణం సూపెడ్తది" అనేవాడు. నేను ఈ మాటను పిల్లల పెంపకానికి అన్వయించి క్లాసులో చెప్పానని తెలిసి పడీపడీ నవ్వాడు. "నేను ఇనుము సంగతి జెప్తె నువ్వు పురాణం జేసినవు గదరా" అన్నాడు.

వంకరను పసిగట్టే ఆయన దృష్టి మా కుటుంబంలో ప్రసిద్ధం. పెళ్ళిలో బాసికం కట్టుకుని పీటల మీద కూర్చున్నవాడు మంత్రాల నడుమ మా నాన్నను దగ్గరికి పిలిచాడు. అలిగాడేమో, ఏం అడుగుతాడోనని మా నాన్నకు చెమటలు పట్టాయి. "మామా, ఆ మూల పందిరి గుంజ జర కుడికి ఒరిగింది, ఎవరి మీదన్న పడ్తది" అన్నాడు పెళ్ళికొడుకు. పోయి చూస్తే నిజంగానే తాడు వదులై ఉంది. మా అక్క తలవంచుకుని నవ్వుకున్నదట. ఆ నవ్వును ఆయన జీవితాంతం దెప్పుతూనే ఉన్నాడు.

రిటైర్మెంటుకు ముందు నుంచే ఆయన నమూనా విమానాలు కట్టేవాడు. బొమ్మలంటే ఒప్పుకునేవాడు కాదు. పెట్టెలో ముక్కలుగా వచ్చే వాటిని గీకి, అతికి, రంగులు వేసి నిలబెట్టేవాడు. అవి కూడా అన్ని రకాలూ కాదు, ఒక రెక్క మీద ఇంకొక రెక్క ఉండే పాతకాలపు విమానాలు మాత్రమే. వాటిలో కింది రెక్క విమానం ఒంటికి అతుక్కుని ఉంటుంది. పై రెక్కకు ఆధారం నడుమనున్న సన్నటి పుల్లలే. ఆ పుల్లల మీద పై రెక్క అటూ ఇటూ వాలకుండా నిలవాలి. "విమానాలంటే అంత ప్రేమ ఏంది బావా?" అని ఒకసారి అడిగాను. "విమానం ఎక్కితె నాకు నిద్రొస్తది. నాకు ఇష్టమైంది అతుకు. ఒక్క రెక్క ఎవడన్న పెడ్తడు, అసలు పని రెండో రెక్కకాడ మొదలైతది" అన్నాడు. రెక్క వాలిందని తోస్తే, ఎంత బాగా రంగు వేసినదైనా, విరిచి పారేసేవాడు. మాకెవరికీ ఆ వాలు కనిపించేది కాదు.

అక్క ఇన్నేళ్ళలో ఆయనను అడిగిన విమానం ఒక్కటే. సికింద్రాబాదులో ఒక దుకాణంలో పెట్టె మూత మీద పసుపు రెక్కల బొమ్మ చూసి, "గిది నాకు జెయ్యి" అన్నది. దాంట్లో పుల్లలు తక్కువ, సన్నం కూడా. "మంచి జిగ్గు దొరికినంక జేస్త" అని ఆయన ఆ పెట్టెను బీరువా మీద పెట్టాడు. అది అక్కడే దుమ్ము తిన్నది. ఆమె మళ్ళీ అడగలేదు, ఆయన మరిచిపోనూ లేదు.

పోయినేడు ఆయన చేతులకు వణుకుడు వచ్చింది. ముందుగా కనిపెట్టింది ఆయనే. గమ్ము చుక్క పెట్టిన చోట పడకుండా పక్కకు పాకుతున్నదట. దవాఖానాలో డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఇది తగ్గేది కాదు, మందులతో కొంత అదుపులో ఉంటుంది, మెల్లగా పెరుగుతుంది అన్నాడు. బావ అన్నం ఎట్లా తినాలి, స్కూటరు నడపొచ్చా అని అడగలేదు. "సన్న పని ఇంకెన్ని దినాలు జేసుకోవచ్చు?" అన్నాడు. డాక్టరు చెప్పలేనన్నాడు. ఇంటికి రాగానే కుర్చీ వేసుకుని బీరువా మీది పెట్టె దింపాడు. "గీ ఒక్కటి నా చేతులతోనే కావాలె. ఎవ్వరు ముట్టొద్దు" అన్నాడు.

విమానం ఒళ్ళు, కింది రెక్క మెల్లగా పూర్తయ్యాయి. పై రెక్కకు ఏ జిగ్గు అన్న దగ్గర బండి ఆగింది. నేను ఉత్సాహం పట్టలేక ఆన్‌లైన్‌లో లోహపు జిగ్గు ఒకటి తెప్పించాను. మరలు తిప్పితే రెక్కను నాలుగు వైపులా బిగించి పట్టుకుంటుంది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, చేసినవాడి పనితనాన్ని మెచ్చుకున్నాడు. తర్వాత పక్కన పెట్టాడు. "గిది పోలీసు పట్టుకున్నట్టు పట్టుకుంటది. పోలీసు ముంగట అందరు సక్కగనే నిలవడ్తరు" అన్నాడు. నాకు కోపం వచ్చింది, నిజం. తర్వాత బావ, సెలవులకు వచ్చిన మనవరాలు వదిలిపోయిన ప్లాస్టిక్ దిమ్మెలను గోడల్లాగా పేర్చి చూశాడు. అవి మూలలకు నిక్కచ్చిగా ఉన్నాయని సంతోషపడ్డాడు. ఇంతలో ఆయన చెయ్యే తగిలి గోడ కూలింది. ఇంకోసారి పేర్చాడు. ఇంకోసారి కూలింది. దిమ్మెలన్నీ తిరిగి డబ్బాలో వేసేశాడు.

చివరికి అక్క ముందుకొచ్చి, తాను రెక్కను పట్టుకుంటానన్నది. "మనిషి శ్వాస దీస్తడు, రెక్కకు తెలుస్తది" అన్నాడు బావ. అక్కకు ఎక్కడలేని కోపం వచ్చింది. "గిన్నేండ్ల సంది నీ ఇల్లు పట్టుకోనున్న. గీ పుల్ల పట్టుకునేతందుకు పనికిరానా నేను?" అన్నది. బావ తల దించుకున్నాడు.

మర్నాడు నేను వెళ్ళేసరికి ఆయన బల్ల ముందు కూర్చుని తన కుడిచేతిని పరాయి వస్తువును చూసినట్టు చూస్తున్నాడు. "బామ్మర్దీ, మనం అందరం తప్పుదాన్ని పట్టుకునేతందుకు జూస్తున్నం. విమానం యాడ కదులుతున్నది? అది సల్లగ కూసున్నది. కదిలేది నేను. జిగ్గు నా చేతికి గావాలె" అన్నాడు. జిగ్గులు చేయడమే వృత్తిగా బతికిన మనిషి, కదిలేదాన్ని వదిలేసి కదలనిదాన్ని బిగించాలని ఇన్నాళ్ళు చూశాడు. చెప్పుకుని తానే నవ్వాడు. వణుకుడు మొదలయ్యాక ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే.

అక్క వాడకట్టు జాకెట్లన్నీ కుట్టే మనిషి. పాత దుప్పటి గుడ్డతో రెండు సంచులు కుట్టి ముందు బియ్యం పోసింది. బియ్యం జారుతున్నదని, ఇసుక అయితే కుదురుతుందని బావ అన్నాడు. గల్లీలో ఎవరో ఇల్లు కడుతుంటే, ఆ కుప్పలోంచి ఇసుక తెచ్చి పిండి జల్లెడతోనే జల్లించింది. ఆ జల్లెడ గురించి ఆమె ఇప్పటికీ గొణుగుతుంది. ఒక సంచి మణికట్టు కిందికి, ఒకటి పైకి. ఆ బరువుకు చెయ్యి మెల్లగా ఊరుకున్నది. పూర్తిగా కాదు, చాలినంత. ఇక రెక్క ఆనుకునేందుకు మందపాటి అట్టముక్కలు కావాలి. నేను కోస్తానంటే, "నీ చేతిరాత జూసిన, నువ్వొద్దు" అన్నాడు. బ్లేడు, స్టీలు స్కేలు అక్క చేతికిచ్చాడు. ఎవ్వరు ముట్టొద్దన్న మనిషి తానే ఇచ్చాడు. ఆమె కోసినవాటిని వెలుతురుకు పెట్టి, ఒక కన్ను మూసి చూసి, "మా టూల్‌రూంల ఉంటే నీకు ప్రమోషన్ వస్తుండె" అన్నాడు. అక్క వంటింట్లోకి పోయింది. కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

ఆయన పోవడానికి ముందురోజు మధ్యాహ్నం పై రెక్కను అట్టముక్కల మీద ఆనించి, పుల్లలకు గమ్ము పెట్టాడు. అంతా తన చేతితోనే. రాత్రంతా గట్టిపడనిచ్చి, తెల్లవారి చాయ తాగి జిగ్గు తీయడం ఆయన పద్ధతి. నాకు చూపెడతానన్నది దాన్నే. ఆ తెల్లవారింది గానీ ఆయన లేవలేదు.

దినాలు నడిచినన్నాళ్ళూ అక్క ఆ గదికి తాళం వేసి ఉంచింది. ఆయనను తీసుకుపోయేటప్పుడు కూడా గుంపులో ఎవరైనా ఆ తలుపుకు తగులుతారేమోనని చూస్తూనే ఉన్నది. చుట్టాలంతా వెళ్ళిపోయిన నాడు తాళం తీసి, "ఇంక తీద్దాం తమ్మీ" అన్నది. రెక్క పడిపోతుందేమోనని నేను రెండు చేతులూ అడ్డం పెట్టబోయాను. "చేతులు దియ్యి. నువ్వు పట్టుకుంటె అది నిలవడ్డదో, నువ్వు నిలవెట్టినవో ఎట్ల తెలుస్తది? ఆయన ఎన్నడు పట్టుకోలె" అన్నది. అట్టముక్కలను ఒక్కొక్కటే బయటికి లాగింది. చివరిది కూడా వచ్చేసింది. పసుపు రెక్క పుల్లల మీద నిలబడింది.

ఇద్దరం నేల మీద కూర్చుని, కళ్ళను బల్ల ఎత్తుకు తెచ్చుకుని చూశాం. "సక్కగున్నదా తమ్మీ?" అని అడిగింది. ముందు నుంచి చూస్తే సరిగ్గానే ఉన్నట్టుంది. వెనక నుంచి చూస్తే కొంచెం ఎడమకు వాలినట్టుంది, మళ్ళీ చూస్తే లేనట్టుంది. కొలిచి చూద్దామని మూలమట్టం తేబోతే వద్దన్నది. ఆయన కన్ను ఒప్పుకోకపోతే మూలమట్టం ఎంత ఒప్పుకున్నా విరిచేసేవాడు కదా అన్నది. "నాకు తెలుస్తలేదక్కా" అన్నాను. "నాకు గూడ తెలుస్తలేదు" అని, అన్ని రోజుల తర్వాత అప్పుడు గట్టిగా ఏడ్చింది.

ఆ విమానం ఇప్పుడు అక్క కుట్టుమిషను పక్కన ఉంది. దాని పై రెక్క సమంగా ఉందో, వెంట్రుకవాసి వాలిందో చూసి చెప్పగలిగినవాడు నేనెరిగిన లోకంలో ఒక్కడే. ఆయన లేడు. ఆయనకు నా నమస్కారం.