పడవ నీళ్ళ మీదున్నప్పుడు

ఈ సాయంత్రం కిటికీలోంచి ఉప్పుగాలి వాసన వచ్చింది. బరంపురం దాకా ఆ వాసన వచ్చిందంటే సముద్రం మీద గాలి లేచిందన్నమాట. కొడల అనే ఊళ్ళో పనికి వెళ్ళిన మా ఆయన బండి మీద ఇంకా దారిలోనే ఉన్నారు. ఇంతలో పాప ఏడుపు అందుకుంది. నా అరచెయ్యి పాప నోటివైపు లేచి, మధ్యలో ఆగింది. అలా ఆగినప్పుడల్లా నాకు మీనా మేడమ్ గుర్తొస్తారు.

బడా బజార్‌లో బట్టల కొట్టు మీద చిన్న గది ఆవిడది. మనసు కుదురులేనివాళ్ళు వెళ్ళి ఆవిడతో మాట్లాడుకునే చోటు. మొదటిరోజే నా ఒళ్ళో పాప ఏడ్చింది. చటుక్కున నోరు మూసేశాను. ఊపిరాడక పాప కాళ్ళు కొట్టుకుంది. మేడమ్ నా మణికట్టు పట్టుకుని చెయ్యి తీశారు. తిడతారనుకున్నాను.

"ఈ సెయ్యి నీకెవులు నేర్పేరమ్మా?" అన్నారు.

నేర్పింది మా నాయనమ్మ. మాది రామయ్యపట్నం. మగవాళ్ళు సముద్రం మీద చేపల వేటకు వెళ్తే ఇంట్లో ఎవరూ ఏడవకూడదు. ఒకసారి తుఫానుగాలికి నాన్న పడవ రాత్రయినా తిరిగి రాలేదు. ఏడుస్తున్న నా నోరు నొక్కి, "ఊరుకోయే! పడవ నీల్ల మీదుంది. నీ ఏడుపు గంగమ్మ ఇంటాది" అంది నాయనమ్మ. నేను నోరు మూసుకున్నాను. తెల్లారి నాన్న బతికొచ్చాడు.

"అయితే మీ నాన్నని నువ్వే ఒడ్డుకి లాగీసేవన్నమాట! అంత సిన్నపిల్లవి!" అని మేడమ్ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఇన్నేళ్ళూ నేను నమ్మింది అదే.

వారం వారం వెళ్ళాను. ఒక వానరోజు పాపను తన భుజాన వేసుకుని, "నేడు ఏడవనీ" అన్నారు.

"వద్దు మేడమ్, ఆయన రోడ్డు మీదున్నారు."

"అందుకే. నీ సేతులు తొడల కింద ఎట్టుకో."

పాప గుక్కపట్టింది. నా చెవుల్లో పడవ పలకలు విరుగుతున్న చప్పుడు. అంతలో ఫోను మోగింది.

"ఇంటికొచ్చీసేను. తాళమెక్కడెట్టేవే?" అని ఆయన విసుక్కున్నారు. అంత తియ్యని విసుగు నేనెన్నడూ వినలేదు.

"ఇక భయం పోతుందా మేడమ్?"

"ఒకసారికే పోద్దేటి? వస్తాది. రానీ. సెయ్యి మాత్రం నీ మాట ఇంటాది. హవు, సరే, పిల్లనెత్తుకో."

పోయిన ఏడు జబ్బుచేసి ఆవిడ పోయారు. ఆ కబురు తెలిసినప్పుడు నేను ఏడవలేదు. అప్పుడూ ఆయన రోడ్డు మీదే ఉన్నారు.

ఈ సాయంత్రం గాలిలో ఆగిన చెయ్యి పాప వీపు మీద వాలింది. "ఏడువమ్మా" అన్నాను. కాసేపటికి పాప ఏడుపు ఆపి నా మొహంలోకి వింతగా చూసింది. గొంతెత్తి ఏడుస్తున్నది నేను.

పాప నిద్రపోయింది. గాలి తగ్గలేదు. ఆయన బండి చప్పుడు ఇంకా వినపడలేదు. నా నోటి మీద ఎవరి చెయ్యీ లేదు.