నల్లబడిన బిళ్లలు

1967 చలికాలం. ఖరగ్‌పూర్‌లో ఒక ఇంజనీరింగ్ విద్యాసంస్థ సిరామిక్స్ ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌ని. పుట్టి పెరిగింది అక్కడి న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్స్‌లో, రైల్వే పనికి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ల మధ్య. మనవాళ్లంతా వర్క్‌షాపులో ఇనుము కొడుతుంటే వీడు సైకిలెక్కి మట్టి కాల్చడానికి పోతున్నాడని ఇంట్లో ఎగతాళి చేసేవారు. మేము కాల్చేది బేరియం టైటనేట్. రేడియోల్లోని కెపాసిటర్లకు వాడతారు. తెల్లగా ఉంటుంది, తన గుండా కరెంటును పోనివ్వదు.

అణిమా దీదీ అనే బెంగాలీ రీసెర్చ్ స్కాలర్ దానితో చిన్న బిళ్లలు చేసింది. విదేశం నుంచి తెప్పించిన పొడి మొత్తం వాటికే అయిపోయింది. మళ్లీ తెప్పించేలోగా ఆమె స్కాలర్‌షిప్ ముగిసిపోతుంది. అవి సరిగ్గా కాలితేనే థీసిస్, లేదంటే చదువంతా నీళ్లపాలు.

ఫర్నేస్ పనికి సింహాచలం మావ కొత్తగా చేరాడు. రైల్వే వర్క్‌షాపులో ఉక్కు భాగాలు కాల్చి రిటైరైన మనిషి, మా వీధివాడే. బిళ్లలను మట్టిపెట్టెలో పేర్చి ఫర్నేస్‌లో పెట్టే పని ఆయనకే అప్పగించాం. చల్లారాక మూత తీస్తే బిళ్లలన్నీ నల్లగా ఉన్నాయి. మెగ్గర్ పెట్టాను. ఇన్సులేషన్ ఎంత గట్టిదో చూపే మీటరు అది. ముల్లు సున్నా దగ్గర కూర్చుంది, అంటే కరెంటు హాయిగా పోతోంది. దీదీ స్టూలు మీద కూలబడింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఏటి సేసినావు మావా?" అని అరిచాను.

"నానేటి సేసినానల్లుడూ? సుట్టూ బొగ్గుపొడి కూరినాను, మూతకి మట్టి మెత్తినాను. గాలి తగిలితే పొలుసు కట్టదేటి? సర్వీసంతా అలాగే సేసినాను."

వేడిలో పైన తుప్పులాంటి పొర కట్టకుండా ఉక్కును అలా కాపాడతారు నిజమే. దీదీకి తెలుగు రాదు. బొగ్గు సంగతి బెంగాలీలో చెప్పగానే ఆమె లేచి సుద్దముక్క అందుకుని, బోర్డు మీద గీసి చెప్పింది.

ఆ వేడిలో బొగ్గుకు ఆక్సిజన్ కావాలి. గాలి అందక బిళ్లల్లోంచే లాక్కుంది. ఆక్సిజన్ పోయిన చోటు ఖాళీ అవుతుంది, దాన్నే ఆక్సిజన్ వేకెన్సీ అంటారు. పోతూ పోతూ ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను బిళ్లలోనే వదిలేస్తుంది. కరెంటును మోసేది అవే.

"పోయింది తిరిగొస్తుందా దీదీ?" అన్నాను.

"గాలిలో కాలిస్తే రావాలి. వస్తే నేను బతికినట్టే."

బొగ్గూ మూతా తీసేసి, ఫర్నేస్ గాలిరంధ్రం తెరిచి మళ్లీ కాల్చాం. మావ అన్నానికి కూడా లేవలేదు. ఈసారి బిళ్లలు తెల్లగా వచ్చాయి, మెగ్గర్ ముల్లు పైకి లేచింది. నేను సంబరపడిపోయాను. దీదీ మాత్రం ఒకదాన్ని పటుక్కున విరిచింది. అంచు తెల్లగా ఉంది, నడుమ ఇంకా నలుపే. ఆక్సిజన్ లోపలిదాకా చేరలేదు.

"నన్ను పంపీమను అల్లుడూ. నా సేత్తో ఈ పిల్ల సదువు పాడైపోనాది," అన్నాడు మావ. కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతకుముందు అరిచినందుకు నాకు సిగ్గేసింది.

నేను తెలుగులోంచి మార్చి చెబితే దీదీ తల అడ్డంగా ఊపింది. "దాదా, ఎంత వేడి కావాలో మీకు చెప్పాను. గాలి కావాలని చెప్పనిది నేనే. మళ్లీ మీరే కాల్చండి."

ఆ మూడోసారి వేడిని చాలాసేపు నిలిపి, నెమ్మదిగా చల్లార్చాం. విరిచే బిళ్లను దీదీ మావ చేతికే ఇచ్చింది. ఆయన కళ్లు మూసుకుని విరిచాడు. నడుమ కూడా తెల్లగా ఉంది. దీదీ అక్కడే ఆయన కాళ్లకు దండం పెట్టింది. మావ కంగారుపడి ఫర్నేస్ వెనక్కి పోయాడు.

ఆ థీసిస్ గడువులోనే వెళ్లింది. ఆ తర్వాత ఎవరు ఏ ముక్క తెచ్చినా మావ మొదట వేడి ఎంతో అడిగేవాడు కాదు. పెట్టె చేత్తో పట్టుకుని, వచ్చీరాని బెంగాలీలో ఒక్కటే అడిగేవాడు, దీనికి గాలి కావాలా, వద్దా అని. నేను చాలామందికి ఫర్నేస్ పని నేర్పాను. అందరికీ మొదట నేర్పింది ఆ ప్రశ్నే.