మందిరం గుమ్మంలో చెప్పులు

నా చిన్నప్పుడు నాకు పాములన్నా అడవన్నా అంత భయం ఉండేది కాదు. అడవి అంచున పుట్టినవాళ్ళకు అవి అలవాటే. నాకున్న భయమల్లా ఒక్కటే. ప్రభువు వచ్చి మావాళ్ళందరినీ తీసుకుపోతాడేమో, నన్నొక్కదాన్ని మరిచిపోతాడేమో అని.

దమ్మపేట దాటి అడవిలోకి పోయే దారిలో ఉండేది మా ఊరు. ఊరి చివర వాగు. వాగుకు ఇవతల, గట్టుకు కాస్త దూరంగా తాటాకు కప్పుతో మా ప్రార్థన మందిరం, అవతలి గట్టు దాటి కాస్త లోపలికి పోతే కోయవాళ్ళ గూడెం. వాళ్ళ వేల్పులు వాళ్ళకుండేవి, మా ప్రభువు మాకుండేవాడు. ఆ విషయంలో ఎవరూ ఎవరి జోలికీ పోయేవాళ్ళు కాదు. తునికాకు కోతకు మాత్రం రెండు ఊళ్ళ ఆడవాళ్ళూ కలిసే పోయేవాళ్ళు.

ఆ ఎండాకాలం మా మందిరంలో కూటాలు పెట్టారు. ఎక్కడినుంచో ఒక బోధకుడు వచ్చాడు. మంచివాడే, కానీ గొంతు పెద్దది. ప్రభువు రాకడ ఎలా ఉంటుందో కళ్ళకు కట్టినట్టు చెప్పాడు. ఆ గడియలో పొయ్యి మీద కుండ పొయ్యి మీదే ఉంటుందట, వండిన మనిషి ఉండదట. ఉయ్యాల ఊగుతూనే ఉంటుందట, అందులో బిడ్డ ఉండదట. గుమ్మంలో చెప్పులు విడిచినవి విడిచినట్టే ఉంటాయట. నేను అందరికంటే ముందు వరసలో కూర్చుని నోరు తెరుచుకుని విన్నాను. ఆయన బస్సెక్కి వెళ్ళిపోయాడు గానీ ఆ చెప్పులు నా మనసులోంచి పోలేదు. అమ్మ ఒక్క క్షణం కనిపించకపోయినా గుమ్మంలోకి పరుగెత్తి ఆమె చెప్పులు ఉన్నాయో లేవో చూసుకునేదాన్ని.

మా నానమ్మకు ఇలాంటి భయాలేవీ ఉండేవి కావు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో కంజీర వాయిస్తూ పాట ఎత్తుకునేది ఆమే. ఆడవాళ్ళు ఆ బోధకుడి మాటలు తలుచుకుని, ప్రభువు ఎప్పుడొస్తాడో ఏమోనని గుసగుసలాడుతుంటే విసుక్కునేది. పాటలో మాత్రం మహా కఠినం. ఎవరైనా గొంతు బాగుంది కదా అని అందరికంటే ముందుకు ఉరికితే కంజీర ఆపేసేది. వెనకబడ్డవాళ్ళ కోసం మళ్ళీ మొదటినుంచి ఎత్తుకునేది.

"రేపు ఆయన ముందట నిలబడే గుంపు ఇదే. ఇయ్యాల కలిసి పాడుడే రాకపోతే గప్పుడు కలిసి ఎట్ల నిలబడతరు?" అనేది.

ఒక్క పాటను ఎన్నిసార్లు పాడించేదో లెక్కే లేదు. నాకైతే ఆకలి వేసేది. ఉపవాసం పెద్దవాళ్ళది, నీరసం నాది.

వానాకాలం వచ్చింది. ఒక శుక్రవారం ముసురు పట్టి బడి కప్పు కారుతుంటే సారు మధ్యాహ్నమే మమ్మల్ని పంపించేశారు. పలక నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చాను. తలుపు బార్లా తీసి ఉంది. పొయ్యి మీద గంజి పొంగి నిప్పుల్లోకి కారుతోంది. చేటలో ఏరుతూ ఏరుతూ వదిలేసిన బియ్యాన్ని కోళ్ళు తింటున్నాయి. అమ్మ చూస్తుండగా కోడి చేటలో మూతి పెట్టడమన్నది మా ఇంట్లో జరిగే పని కాదు. పిలిచాను. పలకలేదు. అరుగు మీద మా తాతయ్య ఒక్కడే గొంగడి కప్పుకుని గురక పెడుతున్నాడు. మా తాతయ్య మందిరానికి ఏడాదికొక్కసారి, క్రిస్మస్ భోజనాల నాడు వచ్చేవాడు. ఆయన ఉన్నాడు కదా అని మొదట ధైర్యం వచ్చింది.

పక్కింటి అక్క దగ్గరికి పోయాను. అక్కా లేదు, ఉయ్యాలలో ఆమె చంటిదీ లేదు. చెయ్యి పెట్టి చూస్తే ఉయ్యాల బట్ట ఇంకా వెచ్చగా ఉంది.

మందిరం దాకా ఎలా పరుగెత్తానో నాకు తెలియదు. గుమ్మం ముందు చెప్పులన్నీ ఉన్నాయి. నానమ్మ టైరు చెప్పులు, పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకున్న అమ్మ హవాయి చెప్పులు, అక్కవి, అందరివీ, వానకు తడుస్తూ. లోపల చాపలు పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. తెరిచిన గ్రంథం మీద, మందిరంలో వాక్యం చెప్పే మా అయ్యగారి కళ్ళజోడు ఉంది. నానమ్మ ఎవరినీ ముట్టనివ్వని కంజీర చాప మీద బోర్లా పడి ఉంది. మనిషన్నవాడు లేడు.

ఆ నిశ్శబ్దాన్ని ఇప్పటికీ మాటల్లో పెట్టలేను. కప్పు మీద వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. వాకిట్లోకి వచ్చి మొహం పైకెత్తి, వాన కళ్ళలో పడుతుంటే గట్టిగా అరిచాను. "ప్రభువా, నేను బడికి పోయిన, అందుకే దొరకలే! మళ్ళొక్కసారి రావా!"

ఎవరూ రాలేదు. అప్పుడు మా తాతయ్య గుర్తొచ్చాడు. ఇందాక ధైర్యం ఇచ్చిన మనిషే ఇప్పుడు అసలు భయం పుట్టించాడు. ఆయన మిగిలాడంటే ఇక అనుమానమే లేదు. జరగవలసింది జరిగిపోయింది. ఏడుస్తూ ఇంటికి పరుగెత్తి గొంగడి లాగేశాను.

"తాతయ్యా, లే! అందరు ఎత్తబడ్డరు. మనిద్దరమే మిగిలినం!"

ఆయన లేచి కూర్చుని నా మొహం చూశాడు. నవ్వలేదు. అందుకు ఆయనకు నేనెప్పటికీ రుణపడి ఉంటాను. గొంగడి నాకు కప్పి, చెయ్యి పట్టుకుని మందిరం దగ్గరికి నడిపించాడు. చెప్పుల గుట్ట చూశాడు. ఆ తర్వాత వంగి నేల చూశాడు. బురదలో వట్టి కాళ్ళ అడుగులు, వేళ్ళు లోతుగా దిగిపోయి, అన్నీ ఒకే దిక్కుకు పోతున్నాయి.

"పైకి పోయినోళ్ళకు బురదల అడుగులు పడతయా బిడ్డా? వీళ్ళు వాగుకాడికి ఉరికిండ్రు" అన్నాడు. అని, తనే నాకంటే ముందు పరుగెత్తాడు.

గట్టు ఎక్కేసరికి పాట వినిపించింది. నానమ్మ శుక్రవారం పాటే.

వాగు ఎర్రగా, ఒడ్డులు తింటూ పోతోంది. నడుముల దాకా నీళ్ళలో మా ఆడవాళ్ళు. వాళ్ళ భుజాల మీద ఒక నులకమంచం, మంచం మీద గూడెం అక్క. ఏటా తునికాకు కోతలో మా అమ్మ పక్కనే కోసే మనిషి. నిండు నెలలు. తెల్లవారినప్పటినుంచి నొప్పులు పడుతున్నా కాన్పు కాలేదట. గూడెంలో మగవాళ్ళంతా నాట్లకు పోతే ఆమె పెనిమిటి ఒక్కడే వాగు ఈది ఇవతలికి వచ్చి, పాట వినిపించిన మందిరం గుమ్మంలో నిలబడి చేతులు జోడించాడట. కబురు తెలిసి ఇళ్ళలోంచి వచ్చిన అమ్మా, పక్కింటి అక్కా కూడా బురదలో జారతాయని ఆ గుమ్మంలోనే చెప్పులు వదిలేసి వాళ్ళ వెంట ఉరికారట. చెప్పులు తొడుక్కునే తీరిక ఎవరికి ఉంటుంది? ఇదంతా గట్టు మీద చంటిదాన్ని చంకనేసుకుని నిలబడ్డ పక్కింటి అక్క మాకు గబగబా చెప్పింది. మరో చేత్తో నా రెక్క పట్టుకుంది, నేను నీళ్ళలోకి దిగుతానేమోనని.

ఎగువ వైపు కొందరు చేతులు పెనవేసుకుని నీటి వడికి అడ్డంగా దడి కట్టినట్టు నిలబడ్డారు. ఆ దడి మొదట్లో నానమ్మ, చివర అయ్యగారు, ఆయన కళ్ళజోడు లేకుండా. వాళ్ళ చాటున మంచం మోసేవాళ్ళు. దడి ఒక అడుగు వేస్తే మంచం ఒక అడుగు వెయ్యాలి. దడి ముందు పోతే మంచం వరదకు దొరుకుతుంది, మంచం ముందు పోతే మనుషులు కొట్టుకుపోతారు. నానమ్మ పాడుతోంది. పాటలో ఊపు వచ్చిన చోటల్లా అన్ని కాళ్ళూ ఒక్కసారే కదులుతున్నాయి. నన్ను ఆకలితో మాడ్చిన పాట అది. అది అడుగులు నేర్పుతోందని నాకు ఆనాటిదాకా తెలియదు.

నడి వాగులో మంచం కోడు పట్టుకున్న మా అమ్మ కాలు జారింది. మంచం ఒక పక్కకు ఒరిగింది. గూడెం అక్క కేక వేసింది. పాట ఆగిపోయింది. అమ్మ తల నీళ్ళలో మునిగి, మళ్ళీ తేలింది, కోడు మాత్రం వదల్లేదు. నాకు ఏడుపు కూడా రాలేదు. ప్రభువు అమ్మను తీసుకుపోయి ఉంటే బాగుండేదని, వాగు తీసుకుపోవడం కంటే అదే నయమని అనుకున్నాను.

ఆ ఆగిన పాటను నానమ్మ మళ్ళీ ఎత్తుకుంది. గొంతు బొంగురుపోయి చరణం సగంలోంచి మొదలుపెట్టింది. ఒక్కొక్క గొంతూ వచ్చి కలిసింది. అప్పటికే మా తాతయ్య నీళ్ళలోకి దిగి అమ్మ పక్కన భుజం పెట్టాడు. పెట్టాడు గానీ ఆయనకు పాట రాదు కదా. తోచినట్టు అడుగు వేస్తే మంచం మళ్ళీ ఊగింది.

"పాట రాకుంటే నోరు మూసుకొని నా దిక్కు సూడు! నేను తల ఊపినప్పుడే అడుగెయ్యి!" అని నానమ్మ అరిచింది.

జీవితంలో మొదటిసారి మా తాతయ్య మా నానమ్మ చెప్పినట్టు విన్నాడు. మంచం ఇవతలి ఒడ్డుకు చేరింది. ఊళ్ళో ఉన్న ఒక్క ట్రాక్టరు మీద గూడెం అక్కను ఎక్కించి, తడి బట్టలతోనే అమ్మ కూడా ఎక్కి, దమ్మపేట దవాఖానాకు పోయారు. ఆమె బతుకుతుందో లేదో ఎవరికీ తెలియదు.

పొద్దుగూకే వేళకు నానమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. అరికాళ్ళ నిండా తుమ్మ ముళ్ళు. నేను పిన్నీసుతో ఒక్కొక్కటే తీస్తున్నాను. దమ్మపేట దారిలో ఎవరైనా వస్తున్నారేమోనని ఇద్దరమూ అటే చూస్తున్నాం. నేను పడ్డ భయమంతా అప్పుడు చెప్పాను. చెప్పి, కడుపులో మిగిలిన అసలు అనుమానం బయటపెట్టాను. నిజంగా ఆ గడియలోనే ప్రభువు వచ్చి ఉంటే? మందిరంలో ఎవరూ లేరు కదా. ఆమేన్ అని కూడా అనకుండా లేచిపోయారు కదా. ఆయన చూసి వెళ్ళిపోయేవాడేమో కదా.

నానమ్మ దమ్మపేట దారి మీదనుంచి చూపు తిప్పలేదు. "చెప్పులు సూసి, అడుగులు పట్టుకొని వాగుకాడికొస్తుండె. మీ తాతయ్యకే తెలిసింది, ఆయనకు తెలవదా బిడ్డా?" అంది.

మరునాడు మధ్యాహ్నం అమ్మ నడిచి వచ్చింది. మొహం చూడగానే తెలిసిపోయింది. ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం. నానమ్మ అరుగు మీదే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. కొన్నాళ్ళకు గూడెం అక్క పెనిమిటి కూరకు వండుకునే లేత వెదురు కొమ్ములు ఒక బుట్టెడు తెచ్చి మందిరం గుమ్మంలో పెట్టి, లోపలికి రాకుండానే ఒక దండం పెట్టి వెళ్ళిపోయాడు. లోపలికి రమ్మని ఎవరూ బలవంతపెట్టలేదు.

మా తాతయ్య మాత్రం ఆ ఆదివారంనుంచి మందిరానికి రావడం మొదలుపెట్టాడు. ఏమైందని అందరూ ఆటపట్టిస్తే, "మళ్ళ వాగొస్తే ఎట్ల? పాట నేర్సుకోవద్దా?" అనేవాడు. చివరిదాకా ఆయన తాళం తప్పుతూనే ఉన్నాడు, నానమ్మ కంజీర ఆపుతూనే ఉంది. ఇక నానమ్మ, ఆ పై శుక్రవారం గుమ్మంలో నిలబడి అందరి చేతా చెప్పులు దారి వైపుకు తిప్పి పెట్టించింది. మళ్ళీ పిలుపు వస్తే కాళ్ళు దూర్చి పరుగెత్తడానికి. ముళ్ళు తీయించుకునే ఓపిక తనకు లేదంది.

ఇప్పుడు ఆ వాగు మీద వంతెన ఉంది. నేను ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మొన్న మా మనవరాలు ఫోన్‌లో రాకడ గురించి ఏదో వీడియో చూసి, రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. "నానమ్మా, నేను స్కూల్ల ఉన్నప్పుడు వస్తే ఎట్ల?" అని అడిగింది. నేను నవ్వలేదు. మా తాతయ్య నవ్వలేదు కదా. ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ బురదలో అడుగుల సంగతి చెప్పాను.

ఆదివారం మందిరం మెట్ల దగ్గర ఎప్పటిలాగే వంగాను. మోకాళ్ళ నొప్పితో వంగడం కష్టమే. అయినా లోపలికి వెళ్ళేముందు చెప్పులు బయటి వైపుకు తిప్పి పెట్టనిదే నాకు ప్రార్థన మొదలైనట్టు ఉండదు. ప్రభువు పిలిచినా, పక్కవాళ్ళు పిలిచినా లేచి పోవలసింది ఆ గుమ్మం దాటే. నేను వంగి లేచేసరికి మా మనవరాలు తన చెప్పులు తిప్పేసి, లోపలికి పోయి పాటలో గొంతు కలిపింది.