రాట్నం ముందు కూర్చున్న నర్సు

కరోనా రెండోసారి ముదిరిన ఎండాకాలంలో, మహబూబ్‌నగర్ దవాఖానలో నర్సుగా చేసే నా మనుమరాలు సెలవు పెట్టి రామన్నపేటలోని మా ఇంటికి వచ్చింది. వచ్చిన నాటి నుంచి, అవ్వనైన నేను ఆ పిల్లను "బిడ్డా" అని పిలవడానికి వీల్లేకపోయింది. పిలిస్తే చాలు, గోడ మూలకు తిరిగి "వస్తున్న తాతా, జర ఆగు" అనేది. ఆ మూలన నూలు మూటలు తప్ప ఎవరూ లేరు.

నేను చదివింది రెండో తరగతి. మగ్గం నేసే మా ఇళ్లలో మనసు చెదిరిన ఆడపిల్లను రాట్నం ముందు కూర్చోబెట్టి నూలు కండెలు చుట్టిస్తారు. నేనూ అదే చేశాను. రాట్నం తిరిగినకొద్దీ ఆమె ముఖం పాలిపోయింది. చేయి ఆగింది, నూలు తెగింది.

"అవ్వా, గా ఆక్సిజన్ చప్పుడు బంద్ చెయ్యి."

రాట్నం అప్పటికే ఆగిపోయి ఉంది.

"నూలంత ఆగం జేస్తున్నవు. దయ్యం గియ్యం పట్టిందా ఏందే?" అని గద్దించాను.

అప్పుడు చెప్పింది. వార్డు మొత్తానికి తానొక్కతే ఉన్న పూట ఒక ముసలాయన "బిడ్డా, బిడ్డా" అని పిలుస్తుంటే, వేరే మంచం దగ్గర నుంచి "వస్తున్న" అంటూనే ఉందట. పోయేసరికి ఆయన ప్రాణం లేదు. దుప్పటి మార్చి, వెంటనే ఆ మంచం మీద ఇంకొకరిని పడుకోబెట్టమన్నారట.

"ఇగ నౌకరీకి పోను" అంది. నర్సు కావాలని అన్నం మానేసి కొట్లాడిన పిల్ల అది.

కొన్నాళ్లకు వాళ్ల దవాఖాన పెద్ద సిస్టర్ బస్సు దిగి వచ్చింది. పిల్లను గుంజుకుపోవడానికే వచ్చిందనుకుని గడపలో అడ్డం నిలబడ్డాను.

"గింత పిల్లను ఒక్కదాన్నే పీనుగుల నడుమ ఇడిసిపెడితివి. ఏం మొఖం పెట్టుకొని వచ్చినవమ్మా?"

"తప్పు నాదే అవ్వా. సాకులు చెప్పనీకి రాలె" అంది ఆమె. లోపలికి వచ్చి పిల్ల పక్కన కిందనే కూర్చుంది.

"నిన్ను గా వార్డుకు పంపను. ఇగ డ్యూటీకి ఇద్దరుంటరు. ఎవరన్న పానం ఇడిస్తే, దగ్గరున్న సిస్టర్ బయటికొచ్చి కూసుంటది. మంచం పని ఇంకొకరు చూస్తరు. పెద్ద డాక్టర్‌తోని కొట్లాడి ఒప్పించిన."

"గా తాత పిలుస్తనే ఉన్నడు మేడం. ఎన్నడన్న ఆపుతడా?"

"ఏమో తల్లీ. నాకైతే ఒక పసిపిల్ల ఏడుపు ఇనిపిస్తది. ఏండ్లయింది. ఎవరికీ చెప్పలె."

మనుమరాలు మొదటిసారి ఆమె ముఖంలోకి చూసింది.

"ఎప్పుడెప్పుడు ఇనిపిస్తది మేడం?" అని రోగిని అడిగినట్టు అడిగింది.

ఇద్దరూ అలా చెప్పుకుంటూ పోతుంటే, మా ఇంట్లోకి ఇంకా ఎంతమంది చచ్చినవాళ్లు వస్తారోనని భయపడ్డాను. అయినా మాట్లాడనిచ్చాను.

బస్సు వేళకు పెద్ద సిస్టర్ లేచింది. పిల్ల కూడా లేచి, తన సంచి నేనెక్కడ పెట్టానో అడిగింది.