అండమాన్ వానలో ఒక పిలుపు

ఆత్మలు, దయ్యాలు అనే మాటలు మా ఇంట్లో నవ్వుకోవడానికే పనికొచ్చేవి. నేను మహబూబాబాద్‌లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఇప్పుడు కూడా వాటిని నమ్ముతున్నానని అనను. జరిగింది జరిగినట్టు చెబుతానంతే.

మా అమ్మ పేరు సమ్మక్క. మొగుళ్లపల్లి దగ్గర పత్తి, మిర్చి పండిస్తూ బతికిన మనిషి. మేం బాపు అని పిలిచే నాన్న పోయాక ఆమెను మా ఇంటికి తెచ్చుకున్నాం. ఎవరితోనూ మాట్లాడేది కాదు. రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపేది.

"అమ్మమ్మకు సముద్రం చూపిద్దాం" అని మా అమ్మాయి పట్టుబట్టింది. దసరా సెలవుల్లో నేను, మా ఆయన, పాప, అమ్మ అండమాన్ వెళ్లాం. దీవులు తిరగడానికి ఒక తెరచాప పడవ మాట్లాడుకున్నాం. దాని కెప్టెన్ అక్కడే పుట్టి పెరిగినవాడు. హిందీ వచ్చు గానీ తెలుగు ఒక్క ముక్కా రాదు.

మొదట అమ్మ పడవ అంచు పట్టుకుని బిగుసుకుపోయింది. కాసేపటికి నీళ్లలో చెయ్యి ముంచి, నాలుకకు రాసుకుంది.

"అవ్వో! గింత ఉప్పు ఎవలు పోసిండ్రు? నీళ్లు సూస్తే మైలుతుత్తం కలిపినట్టు నీలంగున్నయ్" అంది. అందరం పడీపడీ నవ్వాం. దీవిలో దిగితే పాపతో పోటీపడి గవ్వలేరి కొంగున ముడేసుకుంది. అన్ని నెలల తర్వాత మా అమ్మ మాకు మళ్లీ కనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం ఇంకో దీవికి వెళ్తుంటే ఉన్నట్టుండి వాన కమ్ముకుంది. చెయ్యి చాపితే చెయ్యి కనిపించదు. కెప్టెన్ తెరచాప దించి ఇంజిన్ వేశాడు. మేం ముగ్గురం ముందు వైపు టార్పాలిన్ కింద ముడుచుకుని కూర్చున్నాం. దాని మీద పడే వాన చప్పుడు తప్ప మాకేమీ వినిపించడం లేదు. అమ్మ వెనక, కెప్టెన్ పక్కనే ఉంది. ఆమెకు వినికిడి తక్కువ.

ఉన్నట్టుండి పడవ ఒక పక్కకు విసురుగా తిరిగింది. పాప నా ఒళ్లో పడింది.

వాన పలచబడ్డాక చూస్తే, మేం అంతకుముందు పోతున్న వైపే, నీళ్లలో నల్లటి రాళ్లు. వాటి మీద అలలు పగిలి నురగ లేస్తోంది. కెప్టెన్ ముఖం పాలిపోయింది. అతను రాళ్లను వదిలేసి చుట్టూ వెతుకుతున్నాడు.

"పక్కనే ఏదో పడవలోంచి ఒకాయన అరిచాడు. ఢీకొంటామేమోనని తిప్పాను. ఆ పడవేది?" అన్నాడు హిందీలో.

కనుచూపు మేరలో ఏ పడవా లేదు.

"మీ భాషలాగే ఉంది. 'సమ్మీ, పైలం' అంటే ఏంటి?" అని నన్నడిగాడు.

పైలం అంటే మా వైపు జాగ్రత్త అని. అమ్మను సమ్మీ అని పిలిచింది జీవితంలో బాపు ఒక్కడే. మేం ఎవరమూ ఆ పేరు పలకం. టికెట్ల మీద కూడా సమ్మక్క అనే ఉంది.

అమ్మకు విషయం చెవిలో గట్టిగా చెప్పాను. ఆమె భయపడలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"అడుగు బిడ్డా, గొంతు ఎట్లుండెనో అడుగు. దగ్గుండెనా? జర అడుగు."

బాపుకు ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఆఖరి నెలల్లో దగ్గుతో ఒక్క మాటా పూర్తి చేయలేకపోయేవాడు. దవాఖానలో మంచం పక్కన కూర్చుని అమ్మ ఆయన వీపు నిమురుతూనే ఉండేది.

కెప్టెన్‌ను అడిగాను. "దగ్గా? లేదే. ఖంగుమని ఉంది. ఇంత వానలోనూ స్పష్టంగా వినిపించింది" అన్నాడు.

అది చెప్పగానే అమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. రెండూ అనుకుంటాను. ఆ సాయంత్రం చేపల పులుసు మళ్లీ వేయించుకుని మరీ తింది.

ఒడ్డుకు చేరాక విచారించాం. ఆ వానలో చేపల పడవలేవీ బయటికి పోలేదన్నారు. అక్కడ తెలుగువాళ్లు ఉన్న మాట నిజమే. వాళ్లలో ఎవరో ఇంకో సమ్మిని పిలిచి ఉంటారని మా ఆయన అంటాడు. అయ్యుండొచ్చు. కానీ అంత దగ్గరగా అరిచిన మనిషి, పడవతో సహా ఎటు పోయాడు?

మొన్న చిక్కుడుకాయలు తుంచుతుంటే అమ్మనే అడిగాను. "అది ఏందై ఉంటదంటవే అమ్మా?"

అమ్మ తల కూడా ఎత్తలేదు.

"ఏందైతే ఏంది బిడ్డా. ఆయన దగ్గు పోయింది గదా" అంది.