మార్తమ్మవ్వ గోడ మీది వరద గీత

మా చిన్నప్పుడు... అని మొదలుపెట్టినందుకు ముందుగా సమస్త పాఠకలోకానికి సాష్టాంగపడి క్షమాపణ కోరుకుంటున్నాను. ఇందులో తాటిముంజలు లేవు, గోళీకాయలు లేవు. పైగా అప్పటికే నాకు మీసాలు వచ్చేశాయి. డిగ్రీ మొదటి సంవత్సరం. బుద్ధి మాత్రం రాలేదు కాబట్టి, న్యాయంగా అది చిన్నతనం కిందికే వస్తుంది.

ఆ ఏడు వానలకు నంద్యాలకూ ఆళ్లగడ్డకూ నడుమ ఒక ఊళ్లో వాగు పొర్లింది. నీళ్లు దిగిన వారానికి మా కాలేజీ నుంచి నలభై మందిమి ఏడు రోజుల సేవకు బయల్దేరాం... అందరికీ ఒకే రకం తెల్ల టీషర్టు, ఒకే రకం తెల్ల టోపీ. బురద ఎత్తబోయేవాళ్లకు తెల్లబట్టలు ఎంచిన మహానుభావుడెవరో ఇప్పటికీ తెలీదు. బస్సులో పారలు మూడు. బ్యానరు మాత్రం బస్సంత పొడవు.

మాకిచ్చిన వీధిలో చివరి ఇల్లు మార్తమ్మవ్వది. పాత మట్టి మిద్దె. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, కూలికి పోతేనే కూడు. వరదకు వెనక గోడ పగిలి బయటికి ఒరిగింది. బియ్యం పోసుకునే కాగులోంచి ఒండ్రు తోడుతూ మమ్మల్ని చూసి, "ఏందప్పా, పెండ్లివారి మాదిరి వస్తాండారు?" అంది.

మొదటి రోజు ఆమె గోడ ముందు బ్యానరు పట్టుకుని ఫొటోలు దిగాం. రెండో రోజు ఇంకో కోణంలో దిగాం. నడుమ నడుమ బురద కూడా ఎత్తాం... అంటే, మావాళ్లు ఎత్తారు. నేను నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను.

"నీకేం పనిచ్చినారు నాయనా?" అని అడిగింది అవ్వ.

"పర్యవేక్షణ అవ్వా."

"అంటే?"

"చూస్తా ఉండడం."

"దానికి టోపీ గూడా ఇచ్చినారా!"

ఆ వీధిలో ప్రతి గోడ మీదా ఒక గీత ఉండేది. నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో అంత ఎత్తున, అడ్డంగా, బురద రంగులో. అధికారి వచ్చి ముందు గోడ మీద ఆ గీత చూసి ఫొటో తీసుకుంటేనే ఇల్లు మునిగినట్టు లెక్క, జాబితాలో పేరు ఎక్కితేనే కొత్త ఇల్లు. ఈ సంగతి మాలో ఎవరికీ తెలీదు... అని మేమందరం తర్వాత చెప్పుకున్నాం.

ఐదో రోజు మా లెక్చరర్ గారు హడావిడిగా వచ్చారు. "సాయంత్రం ముఖ్య అతిథి వస్తాండాడు. ఒక్క ఇల్లన్నా కళకళలాడాల."

రోడ్డుకు ఎదురుగా ఉన్నది మార్తమ్మవ్వ గోడ. ఆమె కూలికి పోయింది. సాయంత్రానికి ఆ గోడ సున్నంతో కొంగలా తెల్లబడింది. దాని మీద నీలిరంగులో 'శుభ్రమైన గోడ - సుఖమైన వాడ' అని రాశారు. అతిథి వచ్చాడు, మెచ్చుకున్నాడు, మిక్చర్ పొట్లం విప్పకుండానే వెళ్లిపోయాడు.

పొద్దుగూకే వేళకు అవ్వ వచ్చింది. గోడ ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"గీత యాడ?" అంది.

మేం బ్యానరు చుట్టుకున్నాం.

మర్నాడు మునిగిన ఇళ్ల జాబితా రాసుకునే సారు వచ్చాడు. వీధంతా ఫొటోలు తీసుకుంటూ వచ్చి చివరి ఇంటి దగ్గర ఆగాడు.

"నీళ్లు యాడిదాంక వచ్చినాయవ్వా?"

"ఈడిదాంక సారూ." రొమ్ము మీద చెయ్యి పెట్టింది.

"గోడ తెల్లగుందే."

"ఈ పిల్లోళ్లు సున్నం కొట్టినారు. ఎనక గోడ చూడు సారూ, ఎట్ల పగిలిందో."

"పాత మిద్దె. ఎప్పుడో పగిలింటాది."

పక్కింటాయన అడ్డొచ్చాడు. "అందరివీ మునిగినాయి సారూ, ఆమెది ఒక్కటే ఎట్ల తేలుతాది?"

"నోటిమాట ఎక్కదప్పా దీంట్లో. నీళ్లు నిలిచిన గుర్తుకు ఫొటో కావాల."

ఫొటోలా... మా దగ్గర కావలసినన్ని ఉన్నాయి. నలభై ఫోన్లూ వెతికాం. సున్నం కొట్టక ముందు దిగిన ప్రతి ఫొటోలోనూ, సరిగ్గా గీత ఉండాల్సిన ఎత్తున, మేం సాగదీసి పట్టుకున్న బ్యానరు. పైన నలభై నవ్వులు.

"గీత ముట్టొద్దని చెప్పి పోతినే సారూ, ఒక పిల్లోనికి," అంది అవ్వ.

"ఎవరికి?" అన్నారు లెక్చరర్ గారు.

ఆమె మమ్మల్ని వరసగా చూసింది. ఒకచోట కళ్లు కాస్త ఎక్కువసేపు ఆగాయి. ఆ తర్వాత తల తిప్పుకుంది.

"ఏమో సారూ. అందరూ ఒక్క మాదిరే ఉండారు."

సారు పక్క వీధికి పోయాడు. మేం నంద్యాలకు వచ్చేశాం. 'విశిష్ట సేవ' అని అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. నాది లామినేషన్ కూడా చేయించుకున్నాను.

మొన్న ఆళ్లగడ్డలో ఒక పెళ్లికి పోతూ ఆ ఊళ్లో దిగాను. వీధంతా కొత్త ఇళ్లు. చివర మాత్రం మిద్దె కూలిపోయి ముందు గోడ ఒక్కటే నిలబడి ఉంది. మార్తమ్మవ్వ పగిడ్యాలలో చెల్లెలి ఇంట్లో ఒక మూల తల దాచుకుంటోందని చెప్పారు. వానలకు సున్నం పెచ్చులూడిపోయింది... అడుగున గీత మళ్లీ కనిపిస్తోంది. రాసుకునే సారు ఇక రాడు.

ఇప్పుడు వరదొస్తే నీళ్లు దిగకముందే వీడియోలు వస్తున్నాయి. అప్పుడు మాకు ఫోన్లు లేక కాదు... వాటిని ఎప్పుడూ మా ముఖాల వైపే తిప్పుకున్నాం.

మీరూ చిన్నప్పుడు ఎవరికైనా సేవ చేసి ఉంటే కింద రాయండి. సర్టిఫికెట్‌లో లేని పని రాయండి. ముందు నాది రాస్తాను.

ఆ ఏడు రోజుల్లో నేను చేతులారా చేసిన పని ఒక్కటే. ఐదో రోజు పొద్దున ఆమె కూలికి పోతూ గడప దగ్గర ఆగి, "నాయనా, నువ్వు చూస్తా ఉండేవానివే గదా... ఆ గీత ఎవరూ ముట్టకుండా చూడు," అని చెప్పింది నాకే. "సరేలే అవ్వా" అన్నాను. మధ్యాహ్నం సున్నంలో బ్రష్షు ముంచి, మొదటి పూత ఆ గీత మీద వేసింది నేనే.